మూగనూనె

మా అక్క మాణిక్యాంబ కనిపెట్టిన నూనె గురించి రాసేవాళ్ళంతా అది యంత్రాల ఆయుష్షు పెంచడానికి పుట్టిందని రాస్తారు. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి వేరు. ఆవిడ ఆ నూనె కనిపెట్టింది మా బావ చెవుల కోసం. ఈ ముక్క పైకి అంటే ఆవిడకి చిర్రెత్తుకొస్తుంది. అనకపోతే నాకు అన్నం సహించదు.

బావ పేరు నూకరాజు. మా మేనమామ కొడుకే. అందుకని అక్కకీ బావే, నాకూ బావే. కాకినాడకి దిగువన, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఉన్న మడపేట రేవులో ఉట్టి డ్రైవరు. ఉట్టి అంటే వెన్నకుండ ఉట్టి కాదు. నాలుగు ఇనపకాళ్ళూ, కాలికో పెద్ద చక్రమూ ఉన్న ఎత్తయిన చట్రం. పడవ పొట్ట కిందుగా రెండు వెడల్పాటి పట్టీలు వేసి, దాన్ని నీళ్ళలోంచి అమాంతం పైకెత్తి ఒడ్డుకి తెస్తుంది. మరమ్మతు అయ్యాక మళ్ళీ తీసుకెళ్ళి నీళ్ళలో దింపుతుంది. పడవ అలా గాల్లో వేలాడుతుంటే చూసిన వాళ్ళెవరో ఉట్టి అన్నారు, ఆ పేరే ఉండిపోయింది.

ఉట్టిని నడిపేది నూనె. పంపు నూనెని తోస్తుంది, నూనె మోటారుని తిప్పుతుంది, మోటారు డ్రమ్ముని తిప్పుతుంది. ఆ మోటారు బావ కూర్చునే క్యాబిన్‌కి సరిగ్గా వెనకే ఉంటుంది. బరువు దింపేటప్పుడు అది చేసే గోల ఇంతా అంతా కాదు. రేకుడబ్బాలో కంకర పోసి ఆడించినట్టుంటుంది. పెళ్ళికి ముందు నుంచీ ఆ గోలలోనే కూర్చుని బావకి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి సగం మిగిలింది. అక్క వంటింట్లోంచి “బావా, అన్నం వడ్డించేశాను” అని కేకేస్తే పక్కింటి పెద్దాయన “వస్తున్నానమ్మా” అనేవాడు. బావ మాత్రం కదిలేవాడు కాదు.

“పడుకున్నాక కూడా ఆ కంకర ఆగదంట. చెవిలో అలా హోరెత్తుతానే ఉంటదంట” అని ఓ రోజు అక్క నాతో చెప్పింది. అప్పటికి ఆవిడ ఇంజనీరింగు కాలేజీలో ద్రవాల గురించి పాఠాలు చెబుతోంది. ఆ ఏడాదే ఉద్యోగం వదిలేసి, పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి అద్దెకి తీసుకుని ల్యాబు పెట్టింది. పాలిటెక్నిక్ పూర్తిచేసి ఊరికే తిరుగుతున్న నన్ను లాక్కొచ్చి చేతిలో స్పానరు పెట్టింది. నా పేరు తలుపులమ్మ. మొక్కుకుంటే పుట్టానని లోవలో వెలసిన అమ్మవారి పేరు పెట్టారు.

నాకు మొదటి పాఠం ల్యాబులో కాదు, సోడాబండి దగ్గర జరిగింది.

“గోళీ కొట్టకముందు ఇందులో బుడగలున్నాయటే?” అంది అక్క.

“లేవు.”

“ఇప్పుడు కొట్టించు.”

గోళీ కీచుమని లోపలికి దిగింది. బుడగలు బిలబిలా లేచాయి. నేను సీసా నోటి దగ్గర పెట్టుకోబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“తాగుదువుగాని, ముందు చూడు. ఎక్కణ్ణుంచి లేస్తున్నాయి?”

చూశాను. అన్నిచోట్ల నుంచీ కాదు. గాజు మీద చిన్న గీత ఉంది. ఆ గీత దగ్గర నుంచి ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి.

“ఆ గీతలో కంటికి కనపడనంత గాలి దాక్కుని ఉంటది. మీదనున్న ఒత్తిడి తగ్గేసరికి ఆ గాలి ఉబ్బి బుడగవుద్ది. గూడు లేకపోతే బుడగ అంత తేలిగ్గా పుట్టదే. మీ బావ మోటార్లో జరిగేదీ ఇదే. పడవ బరువుకి మోటారు తిరుగుతా ఉంటది కదా, గొట్టంలోంచి నూనెని లాగేసుకుంటది. వెనకనుంచి వచ్చే నూనె చాలదు. అప్పుడు గొట్టంలో ఉన్న నూనె సాగుద్ది. దుమ్ములోనూ గరుకులోనూ దాక్కున్న గాలంతా బుడగలైపోద్ది. ఆ బుడగలు మోటారు పళ్ళ మధ్యకెళ్ళి నలిగి పేలతాయి. ఆ పేలుళ్ళేనే మనకి వినపడే కంకర.”

“అయితే బుడగలు పుట్టకుండా చెయ్యాలి.”

“పుట్టడానికి చోటే లేకుండా చెయ్యాలి. తాగెయ్, గ్యాసు పోద్ది.”

చెప్పినంత తేలిగ్గా జరగలేదు. మందపాటి ఉక్కు సిలిండరులో నూనె పోసి, అందులో దాక్కున్న గాలి మొత్తం కరిగి నూనెలో కలిసిపోయేదాకా రోజుల తరబడి నొక్కిపెట్టేవాళ్ళం. దుమ్ము రేణువు లేకుండా వడకట్టేవాళ్ళం. గొట్టాల లోపలి గోడలు అద్దంలా నునుపు తేలేదాకా రుద్దేవాళ్ళం. రుద్దేవాళ్ళం అంటే నేను రుద్దేదాన్ని, ఆవిడ భూతద్దం పెట్టి చూసి “ఇక్కడ గీతుంది” అనేది. ఆ రోజుల్లో నా వేళ్ళ తోలు ఊడిపోయి, ఫోను కూడా నా వేలిముద్ర గుర్తుపట్టేది కాదు. పైగా ల్యాబులో నోరు విప్పకూడదు. గొట్టానికి మైకు అంటించి బుడగ చప్పుడు వినేవాళ్ళం కాబట్టి దగ్గు కూడా బయటికెళ్ళి దగ్గాలి. పనిచేస్తూ పాడుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆ అలవాటూ మాన్పించింది.

చివరికి ఓ మధ్యాహ్నం గాజుగొట్టం చుట్టూ నల్లగుడ్డ కప్పి, ఇద్దరం అందులో తలలు దూర్చి చూశాం. మొదట మామూలు నూనె. సాగదియ్యగానే టార్చి వెలుగులో మజ్జిగలా తెల్లబడింది. టార్చి ఆర్పేస్తే చీకట్లో నీలంగా చిన్నచిన్న చుక్కలు మెరిశాయి. పేలే బుడగ పేలేముందు మండిపోయేంత వేడెక్కుతుందనీ, ఆ వెలుగేననీ అక్క చెప్పింది. తరవాత మేం నొక్కిన నూనె పోశాం. సాగదీశాం. ఇంకా సాగదీశాం. తేనెలా తేటగా అలాగే ఉంది. మెరుపు లేదు, చప్పుడు లేదు. అక్క ఆ గొట్టాన్ని చెంపకి ఆనించుకుని చాలాసేపు నిలబడింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. “బావకి చెప్పకు, నేనే చెబుతా” అంది.

ఉట్టిలో పాత గొట్టాలు తీసేసి కొత్తవి వేసి మా నూనె పోసిన రోజు బావ పడవ దింపుతూ మధ్యలో తల బయటికి పెట్టి “ఏంటి, ఆపేశారా?” అని అరిచాడు. పడవ కిందికి దిగుతూనే ఉంది. రేవంతా గొల్లున నవ్వింది. ఆ పూటే జనం దానికి మూగనూనె అని పేరు పెట్టేశారు.

ఆ రోజు బావ మొదటిసారి దించుడు పాట మొత్తం విన్నాడు. పడవ దిగేటప్పుడు ఊగకుండా నలుగురు మనుషులు నాలుగు మూలల తాళ్ళు పట్టుకుంటారు. వాళ్ళ పెద్ద పేరు గంగరాజు. అతను పాట ఎత్తుకుంటాడు, మిగతా ముగ్గురూ వంత పాడుతూ మాటకో మూర తాడు వదులుతారు.

“దిగవమ్మ బంగారు, దిగిరావె నీటిలోకి…”

“ఏలో, ఏలేలో!”

ఇన్నేళ్ళూ మోటారు గోలలో బావకి ఆ పాట పెదాలు కదలడంగానే తెలుసు. ఇప్పుడు క్యాబిన్‌లో కూర్చుని తనూ అందుకునేవాడు. గంగరాజు ‘ఏలో’ అంటే లివరు కొంచెం తోసేవాడు, ‘ఏలేలో’ అంటే ఇంకొంచెం. పడవ పాటకి తగ్గట్టు దిగేది. చూడముచ్చటగా ఉండేది.

ఇంట్లో కూడా కాలం మారింది. చెవుల్లో హోరు సద్దుమణిగి, ఉన్న సగం చెవే బావకి బాగా పనికొచ్చింది. అక్క గొంతు తగ్గించింది. పక్కింటి పెద్దాయన భోజనానికి రావడం మానేశాడు. నేను గదిలోకి వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ గుసగుసలాడుకుంటూ ఉండేవాళ్ళు. నాకు సిగ్గేసేది, సంతోషమూ వేసేది. హార్బరు ఇంజనీరు సుదర్శనం గారు, తీరం వెంట ఉన్న అన్ని రేవుల ఉట్లలోనూ ఇదే నూనె పోయించాలని పైవాళ్ళకి సిఫారసు చేశారు.

వేసవిలో వేట నిషేధం వస్తుంది. ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డెక్కి మరమ్మతులు చేయించుకుంటాయి. నిషేధం ఎత్తేసే రోజు అన్నీ ఒక్కసారే దిగాలి. ముందు దిగినవాడికి ముందు చేప. ఆ రోజు రేవులో తీర్థంలా ఉంటుంది. పడవలకి మామిడాకులు, టెంకాయలు, పసుపునీళ్ళు, డప్పులు. మూగనూనె వచ్చాక అదే మొదటి సీజను.

మొదటి రెండు పడవలు చక్కగా దిగాయి. మూడోది పెద్దది, కొత్తగా రంగేసిన బోటు. గంగరాజు పాట ఎత్తుకున్నాడు. డప్పులు అందుకున్నాయి. జనం వంత పాడారు. పాట జోరందుకుంది, బావ చెయ్యీ జోరందుకుంది. నేను ఒడ్డున అక్క పక్కనే నిలబడి చప్పట్లు కొడుతున్నాను. పడవ నీళ్ళకి మనిషెత్తున ఉండగా టప్పుమని ఒక్క చప్పుడు వినిపించింది. పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టు పడవ జారింది.

బావ బ్రేకు లాగాడు. అప్పటికే పడవ పొట్ట నీళ్ళని కొట్టింది. తాళ్ళు కొరడాల్లా లేచాయి. గంగరాజు పట్టుకున్న తాడు అతని కాలికి మెలిపడి, ఇనపగుంజకేసి కొట్టింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఇంకో మూర అటైతే తలకి తగిలేదని డాక్టరు అన్నాడు.

ఆ తరవాత మోటారు తెరిచి చూస్తే ఏమీ లేదు. పళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. నూనె తేటగా ఉంది. అక్క ఆ నూనెనే ల్యాబుకి తెచ్చి మళ్ళీ మళ్ళీ సాగదీసి చూసింది. ఎప్పట్లాగే నిలబడింది. సుదర్శనం గారు మంచాయనే. కళ్ళజోడు తుడుచుకుంటూ, “ఏం చేస్తామండీ మేడంగారూ, యంత్రంలో లోపం లేదు, నూనెలో లోపం లేదు. మీ ఆయన పండగ హడావిడిలో తొందరపడ్డారు. మనుషులన్నాక జరుగుతాయండి. అయితే ఇంక ఉట్టి ఎక్కనివ్వడం కుదరదు” అన్నారు.

విచిత్రమేమిటంటే బావా అదే అన్నాడు. “తొందరపడింది నేనే కదా. లివరు తోసింది ఈ చెయ్యే.” అంతే. పొద్దున్నే లేచి ఆస్పత్రికెళ్ళి గంగరాజు మంచం పక్కన కూర్చునేవాడు. ఇంటికొచ్చి పెట్టింది తినేవాడు. ఎలా ఉన్నావంటే “బానే ఉన్నాను” అనేవాడు. కూర మాడినా బానే ఉంది, అన్నం పలుకైనా బానే ఉంది. మనిషి అంత బాగా ఉంటే భయమేస్తుంది.

ఓ మధ్యాహ్నం వంటింట్లో అక్క నాతో చిన్నగా అంది. “నూనెలో ఏ తప్పూ లేదే తలుపులూ. ఎన్నిసార్లు చూశానో. లేదు.”

నేను గుమ్మం వైపు చూశాను. బావ మంచినీళ్ళ కోసం వచ్చి నిలబడ్డాడు. పూర్వమైతే ఆ మాట ఆయన చెవిన పడేది కాదు. గ్లాసు పెట్టేసి నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. అక్క చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఆ క్షణాన మా అక్క మీద నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. జాలీ అంతే వచ్చింది.

మర్నాడు నేను ఆస్పత్రికి వెళ్ళాను. గంగరాజు కాలికి కట్టుతో పడుకుని, దాని మీద వేళ్ళతో తాళం వేసుకుంటున్నాడు.

“నీ పాట వల్లే వచ్చింది ఇదంతా” అన్నాను వేళాకోళంగా.

“మరదే కదమ్మా నేనూ అనుకుంటన్నాను! ఎంత జోరో ఆ రోజు. పూర్వం అంత జోరు కుదిరేదేటి? మోటారు గుర్రుమన్నప్పుడు నా పాట నాకే ఇనపడేది కాదు. గుర్రు తగ్గేదాకా చరణం సాగదీత్తా కూకునేవోణ్ణి. ‘దిగిరావేఏఏ’ అని. ఇప్పుడు దానికి నోరు లేదాయె. ఇంక మన నోరే నోరు.”

“సాగదీస్తే మీరు నలుగురూ తాడు వదలరు కదా?”

“మాట పడితేనే కదమ్మా మూర వదిలేది.”

“మీరు వదలకపోతే బావ…”

“తాళ్ళు బిగుసుకుంటాయి కదా, చూసి ఆపుతాడు. ఎప్పుడూ అంతే కదా!”

ఎప్పుడూ అంతే. వాళ్ళెవరూ దాన్ని నియమం అనుకోలేదు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. వేగం మించి మోటారు గట్టిగా గుర్రుమంటే పాట సాగేది, పాట సాగితే తాడు ఆగేది, తాడు ఆగితే బావ చెయ్యి ఆగేది. మేం ఆ గుర్రుని తీసేశాం. అప్పటిదాకా యంత్రం వెనక నడిచిన పాట, అప్పణ్ణుంచి యంత్రాన్ని నడిపింది. నేను కుర్చీలోంచి లేచిన తీరు చూసి గంగరాజు నర్సుని పిలవబోయాడు.

ల్యాబులో అక్క ఒంటరిగా కూర్చుని ఉంది. నేను మాట్లాడకుండా పరీక్ష యంత్రం దగ్గరికెళ్ళి, వేగం స్థిరంగా ఉంచే మీట తీసేసి, వాల్వు చేత్తో పట్టుకున్నాను.

“ఏం చేస్తున్నావే?”

“మనం ఎప్పుడూ ఒకటే వేగంలో సాగదీశాం అక్కా. రేవులో ఎవరైనా అలా దింపుతారా? గుడ్డ కప్పు. గొట్టం వైపు చూడు.”

కప్పింది. నేను పాట ఎత్తుకున్నాను. ఆ ల్యాబు గోడలు ఎన్నడూ పాట వినలేదు, నా గొంతు విన్నాక మళ్ళీ వినాలని కోరుకుని ఉండవు. ‘ఏలో’కి వాల్వు కొంచెం తిప్పాను, ‘ఏలేలో’కి ఇంకొంచెం. గాజుగొట్టంలో నూనె తేటగా ఉంది. జోరు పెంచాను. డప్పు కొట్టినట్టు కాలితో నేలని తన్నుతూ పాడాను. ప్రతి ఊపుకీ నూనె ఒక్కో గుంజు సాగుతోంది. ఒక గుంజు సర్దుకునేలోపు ఇంకోటి. అక్క గుడ్డలోంచి తల తియ్యకుండా “ఇంకా తేటగానే ఉంది” అంది.

అప్పుడు తెగింది. ఎక్కడో ఒకచోట కాదు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కసారే. నల్లగుడ్డ సందుల్లోంచి నీలం వెలుగు బయటికొచ్చింది. టప్పుమని రేవులో విన్న చప్పుడే. గొట్టం మొత్తం పాలలా తెల్లబడి, మోటారు పట్టు లేకుండా గిర్రున తిరిగింది. చూస్తుండగానే బుడగలన్నీ మళ్ళీ నూనెలో కలిసిపోయాయి. ఏమీ జరగనట్టు తేటబడింది.

అక్క నేల మీద కూర్చుండిపోయింది.

“మామూలు నూనె బలహీనంగా ఉన్నచోట ముందు ఒక బుడగ పుడుద్ది” అంది. “తరవాత పది. తరవాత వెయ్యి. అది అరుస్తా అరుస్తా చెడుద్ది. నేను దానికి బలహీనమైన చోటే లేకుండా చేశాను. అన్నీ ఓర్చుకుంది, ఓర్చుకుంది, ఒక్కసారే…” ఆగిపోయింది. “తప్పు బావది కాదే. నాది.”

అదే చీరతో, నూనె చేతులతో, సుదర్శనం గారి దగ్గరికెళ్ళింది. “అన్ని రేవుల సిఫారసూ ఆపెయ్యండి. పడవ జారింది నా నూనె వల్ల. తప్పు రాసినచోట మా ఆయన పేరు కొట్టెయ్యండి” అంది. ఆయన నమ్మలేదు. ల్యాబుకి పిలిచి, నా చేత మళ్ళీ పాడించి చూపించింది. మెరుపు చూసి ఆయన రెండడుగులు వెనక్కేశారు. పాట గురించి మాత్రం మర్యాదకి కూడా ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి బావతో చెప్పింది. దాచకుండా మొత్తం చెప్పింది. తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండునని నేనూ ఎదురుచూశాను.

“పోన్లే. ఎవరిదైతే ఏంటి” అన్నాడు బావ. “పాత నూనె పోయించెయ్. ఎక్కుతాను.”

“మళ్ళీ ఆ గోలలోనా? ఉన్న సగం చెవీ పోద్ది.”

“పోతే పోద్ది.”

“పోనివ్వను” అంది అక్క.

మళ్ళీ ల్యాబు తలుపులు మూశాం. ఈసారి తేడా ఏమిటంటే పాడుకోవచ్చు. అక్క ఆలోచన ఇది. నూనె మొత్తాన్ని మూగగానే ఉంచాలి. మోటారుకి కాస్త ముందు, బుడగలు పేలినా మోటారు పళ్ళకి హాని లేని చోట, గొట్టంలో ఒక్క ఉక్కు ఉంగరం పెట్టాలి. ఆ ఉంగరం లోపల మాత్రం గరుకుండాలి. ఆ గరుకులో కొంచెం గాలి ఎప్పుడూ దాక్కుని ఉంటుంది. నూనె మామూలుగా సాగినప్పుడు అది మేలుకోదు. నూనె తెగే హద్దుకి ఇంకా దూరంగా ఉండగానే, అందరికంటే ముందు అక్కడే బుడగలు పుట్టి గుర్రుమనాలి. వేగం తగ్గించగానే ఆగిపోవాలి.

గొట్టాల్లోంచి గీతలు తియ్యడానికి ఏళ్ళు పట్టిన మనిషి, సూదిమొన గీతగోలు పట్టుకుని ఉంగరం లోపల గీతలు గియ్యడానికి కూర్చుంది. మొదటి గీత గియ్యడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. “ఇటివ్వు, పాడుచెయ్యడం నాకు బాగా వచ్చు” అన్నాను. నవ్వి, తనే గీసింది. తక్కువ గీస్తే ఆలస్యంగా అరిచింది, ఎక్కువ గీస్తే ఊరికే అరిచింది. ఉంగరాలు కుప్పపడ్డాయి. చివరికి ఒకటి, నా పాట జోరందుకుని ప్రమాదం ఇంకా దూరాన ఉండగానే గుర్రుమంది. నేను పాట సాగదియ్యగానే ఊరుకుంది. ఎన్నిసార్లు పాడినా అంతే.

రేవులో పరీక్షకి ఓ ఆదివారం పొద్దున్న కుదిరింది. అదే పెద్ద బోటు. గంగరాజు కట్టుకాలితో కుర్చీలో కూర్చున్నాడు. పాడతాను గానీ తాడు పట్టుకోలేనన్నాడు. అతని మూల ఖాళీగా ఉంది. రేవులో ఎవరూ ముందుకు రాలేదు. వాళ్ళని తప్పుపట్టలేం.

అక్క చీర కొంగు బిగించి వెళ్ళి ఆ తాడు అందుకుంది.

“మేడంగారూ, వద్దండీ!” అన్నారు సుదర్శనం గారు.

“నా నూనె అండి. పడితే నా కాలి మీద పడనివ్వండి” అంది.

బావ అప్పటికే క్యాబిన్‌లో ఉన్నాడు. ఆవిణ్ణి చూశాడు. లివరు పట్టుకున్నాడు.

గంగరాజు భయంభయంగా, నెమ్మదిగా పాడాడు. పడవ చడీచప్పుడూ లేకుండా కొంచెం దిగింది.

“అలా కాదు గంగరాజూ” అని అరిచింది అక్క. “ఆ రోజు పాడినట్టే పాడు. జోరుగా!”

గంగరాజు బావ వైపు చూశాడు. బావ తల ఊపాడు. పాట జోరందుకుంది. డప్పులు లేకపోయినా నేను ఓ నూనెడబ్బా బోర్లించి వాయించాను. ఏలో, ఏలేలో. పడవ వేగం పెరిగింది. సరిగ్గా ఆ రోజు తెగిన ఎత్తుకి వచ్చింది. అక్క చేతుల్లో తాడు జరజరా జారుతోంది. ఆవిడ మొహంలోకి చూడలేక నేను డబ్బా వైపే చూశాను.

గుర్ర్‌ర్…

పెద్దగా ఏం కాదు. పడుకున్న కుక్క కొత్తవాణ్ణి చూసి గుర్రుమన్నంత. గంగరాజు నోటి పాట తనంతట తనే సాగింది. “దిగిరావేఏఏ…” తాళ్ళు ఆగాయి. బావ చెయ్యి ఆగింది. గుర్రు ఆగిపోయింది. గంగరాజు మళ్ళీ నెమ్మదిగా అందుకున్నాడు, బావ లివరు మెల్లగా తోశాడు. పడవ నీళ్ళని తాకిన చప్పుడు కూడా వినపడలేదు. పక్కకి ఊగితేగానీ దిగిందని తెలియలేదు.

జనం ఈలలు వేశారు. సుదర్శనం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. గంగరాజు కుర్చీలోంచి లేవబోయి కాలు గుర్తొచ్చి కూర్చున్నాడు. అక్క తాడు వదల్లేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి, నేను వెళ్ళి ఒక్కోటీ విప్పాను.

బావ క్యాబిన్ నిచ్చెన దిగి వచ్చాడు. వస్తూనే అందుకున్నాడు.

“బుద్దుందా నీకు! తాడట్టుకునేది నువ్వా? అది తెగితే ఏమైపోదువు? ఆ గంగరాజు కాలు సూశావా అసలు, నాకు రోజూ కళ్ళముందు అదే కనపడతంది! నూనెలో తప్పు లేదు, నూనెలో తప్పు లేదు అని పది రోజులు తిరిగావు! నేనెంత సచ్చిపోయానో తెలుసా? నా సెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. అన్నం గిన్నె దింపాలన్నా వణుకు! నా సెవుల కోసం సేశావంట, బాగానే ఉంది, ముందు ఒక్కసారి నన్నడిగావా? ఆ గోలతో నాకేం పనుందో అడిగావా? ఏళ్ళకేళ్ళు ఆ ఐసు కొట్టులో కూకున్నావు, ఒక్కసారి ఉట్టెక్కి నా పక్కన కూకున్నావా?”

ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. రేవు ఆ చివరున్న వలలవాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. అక్క అడ్డు రాలేదు. తాడు కోసుకుని ఎర్రబడ్డ చేతులు ముందుకి పెట్టుకుని, కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే, మొహమంతా నవ్వుతో నిలబడి మొత్తం విన్నది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

“ఇంకా ఉందా?” అంది.

“ఉంది!”

“అయితే కానియ్ బావా” అంది. “అంతా అయ్యాకే ఇంటికెళదాం.”